శేషాన్నము

రాత్రి భోజనములు ముగిసినవి. పిల్లలు నిద్రించిరి. గృహిణి వంటయింటి దీపము ఆర్పబోవుచు అన్నపుగిన్నె మూత తీసి చూచినది. నాలుగు గరిటెల అన్నము మిగిలియున్నది. వేరొక గిన్నెలో కొంచెము పప్పు, కొంచెము కూర కలవు. వీనినేమి చేయవలెను? పారవేయుటకు చేయి రాదు. అన్నము పరబ్రహ్మస్వరూపమని చిన్ననాటినుండియు ఆమె వినియున్నది. దాచుటకు మనస్సు సంశయించును. నిలువయన్నము తామసాహారమని గీతాప్రవచనమున వినియున్నది. ఉదయమున తానే తినవలెనా? పనిమనిషికి పెట్టవలెనా? వాకిట నిలిచిన పశువునకు వేయవలెనా?

ఇది స్వల్పవిషయముగ తోచును. కాని ప్రతిదినమును, ప్రతిగృహమునందును ఈ ప్రశ్న ఎదురగుచునే యున్నది. ధర్మము మహాసంకటములందు మాత్రమే పరీక్షింపబడునని తలచుట పొరపాటు. గరిటె పట్టిన చేతియందును అది పరీక్షింపబడుచున్నది. ఆ గృహిణి విన్న రెండు మాటలును శాస్త్రసమ్మతములే. అన్నమును నిందింపరాదనియు, త్రోసిపుచ్చరాదనియు, దానిని సమృద్ధిగ సంపాదింపవలెననియు తైత్తిరీయోపనిషత్తునందలి భృగువల్లి వ్రతములుగ విధించుచున్నది. నిలువయుండినదియు, ఎంగిలియు తామసులకు ప్రియములని గీత చెప్పుచున్నది. ఈ రెండింటికిని విరోధము కలదా? లేదేని వీనిని సమన్వయించుకొనుట ఎట్లు? ఇది విచారింపదగిన విషయము.

గీతావాక్య తాత్పర్యము

భగవద్గీత పదునేడవ అధ్యాయమున ఆహారము మూడు విధములుగ విభజింపబడినది. ఎనిమిదవ శ్లోకమున సాత్త్వికులకును, తొమ్మిదవ శ్లోకమున రాజసులకును, పదియవ శ్లోకమున తామసులకును ప్రియమైన ఆహారములు వర్ణింపబడినవి. పదియవ శ్లోకమున ఆరు విశేషణములు గలవు. అవి యాతయామము, గతరసము, పూతి, పర్యుషితము, ఉచ్ఛిష్టము, అమేధ్యము అనునవి.

యామమనగా మూడు గంటల కాలము, అనగా ఒక జాము. కావున వండి జాము గడచినది యాతయామమని కొందరు వ్యాఖ్యాతలు చెప్పుదురు. శ్రీ శంకరభగవత్పాదులు మాత్రము ఇచ్చట ఆ పదమునకు సరిగా ఉడుకనిదని అర్థము వ్రాసిరి. సారము పోయినదను భావము తరువాతి గతరసపదముననే లభించుచున్నది గనుక పునరుక్తిదోషము కలుగకుండుటకై ఇట్లు వ్యాఖ్యానించిరి. పూతి యనగా దుర్వాసన గలది. పర్యుషితమనగా వండిన పిమ్మట రాత్రి గడచినది. ఉచ్ఛిష్టమనగా ఒకరు తినగా మిగిలినది, అనగా ఎంగిలి. అమేధ్యమనగా యజ్ఞమునకు తగనిది.

ఇచ్చట రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది, శ్లోకము ప్రియమను మాటతో ముగియుచున్నది. ఎట్టి స్వభావము గలవానికి ఎట్టి ఆహారమునందు రుచి కలుగునో అది తెలుపుచున్నది. మంచి ఆహారము పొందు వీలున్నను సోమరితనముచేతను, అజాగ్రత్తచేతను పాచిపోయినదానితోనే తృప్తిపడు మనస్సు తామసము. అంతియే కాని, మిగిలిన మంచి అన్నమును వీధిలో పారబోయుమని ఆ శ్లోకము ఎవరికిని ఉపదేశింపలేదు. పారబోయుటయు సోమరితనముయొక్క రూపాంతరమే.

రెండవది, నిలువయుండిన పదార్థములన్నియు ఒకే తీరువి కావని ధర్మశాస్త్రమే అంగీకరించినది. మనుస్మృతి ఐదవ అధ్యాయము పులిసిన పదార్థములను నిషేధించుచు, పెరుగును, పెరుగునుండి పుట్టినవానిని ఆ నిషేధమునుండి తొలగించినది. నేతితోనో నూనెతోనో చేసిన భక్ష్యములు నిలువయుండినను దోషము లేదన్నది. యవలతోను గోధుమలతోను చేసినవానిని, పాలవికారములను చిరకాలముండినను తినవచ్చునన్నది. హోమమున మిగిలిన హవిస్సునకును అనుమతి యిచ్చినది. ఏది త్వరగా చెడునో, ఏది చెడక నిలుచునో ఎరిగి చేసిన నియమమిది. కావున కాలము గడచినంతమాత్రమున అన్నము దూష్యమగునని చెప్పుటకు వీలులేదు. పదార్థస్వభావమును, దానిని కాపాడిన తీరును కూడ చూడవలెను.

శేషము, ఉచ్ఛిష్టము

తెలుగువాడుకలో మిగిలినదను ఒక్క మాటతో చెప్పబడు వస్తువునకు సంస్కృతమున రెండు పేరులు గలవు. ఒకటి శేషము, రెండవది ఉచ్ఛిష్టము. రెండును ఒకే ధాతువునుండి పుట్టినవి. అయినను లోకవ్యవహారమున ఒకటి శిరసావహింపదగినదియు, ఒకటి తాకరానిదియు అయినవి. ఈ భేదమునకు కారణమేమి?

గీత మూడవ అధ్యాయమున యజ్ఞశేషమును భుజించు సజ్జనులు సర్వపాపములనుండి విడివడుదురనియు, తమకొరకే వండుకొనువారు పాపమునే భుజించుచున్నారనియు చెప్పబడినది. నాలుగవ అధ్యాయమున ఆ యజ్ఞశేషమునకే అమృతమని పేరు పెట్టబడినది. మనువు ఇంకను విశదముగ, యజ్ఞమున మిగిలినది అమృతమనియు, అతిథులు భుజింపగా మిగిలినది విఘసమనియు, గృహస్థుడు ఈ రెండింటినే నిత్యము భుజింపవలెననియు శాసించెను. అథర్వవేదమున పదునొకండవ కాండయందు ఒక సూక్తము యజ్ఞోచ్ఛిష్టమునే స్తుతించుచు, నామరూపాత్మకమగు ఈ లోకమంతయు దానియందే నెలకొనియున్నదని చెప్పుచున్నది. అనగా సనాతనధర్మమున మిగిలినదానిని తినుట హీనముగ భావింపబడలేదు. గృహస్థునకు అదియే విహితమైన ఆహారము.

భేదమంతయు వరుసయందున్నది. ముందు దేవతలకును, అతిథులకును, ఆశ్రితులకును పెట్టగా మిగిలినది శేషము. ముందు తాను తిని, ఆకలి తీరిన పిమ్మట వదలినది ఉచ్ఛిష్టము. ఒకదానియందు తాను కడపటివాడు. రెండవదానియందు తాను మొదటివాడు. అన్నము అదియే, గిన్నె అదియే. అయినను మొదటిదానియందు త్యాగమును, రెండవదానియందు భోగమును కలవు.

పూరీక్షేత్రమున శ్రీజగన్నాథుని మహాప్రసాదము ఇందులకు ప్రత్యక్షోదాహరణము. అచ్చటి ఆనందబజారున జాతిభేదము లేక యాత్రికులు కలిసి ప్రసాదము స్వీకరింతురు. ఇతరుల చేయి సోకినదని గాని, ఎంగిలి యని గాని దానికి దోషము చెప్పరు. ఆ అన్నమునే ఎండబెట్టి నిర్మాల్యమను పేర గృహములందు భద్రపరచుకొని, మరణకాలమున నోటియందుంచుదురు. శ్రీరామకృష్ణ పరమహంస ప్రతిదినము భోజనమునకు ముందు ఆ ఎండిన మహాప్రసాదమును ఒకటి రెండు మెతుకులు స్వీకరించెడివారు. ఎన్నాళ్లక్రిందటనో వండిన అన్నము అట్టి మహనీయునకు పవిత్రమైనది. అది ఎవరికి నివేదింపబడినదో ఆ సంబంధమే దానిని పవిత్రము చేసినది.

ఉషస్తి చాక్రాయణుడు

మిగిలిన అన్నమును దాచుటను గూర్చియు, తినుటను గూర్చియు ఛాందోగ్యోపనిషత్తు ప్రథమాధ్యాయమున ఒక కథ గలదు. కురుదేశమున వడగండ్లు పడి పైరులు నాశనమయ్యెను. ఉషస్తి చాక్రాయణుడను విద్వాంసుడు పిన్నవయస్కురాలైన భార్యతో దుఃస్థితిలో ఇభ్యగ్రామమున నివసించుచుండెను. ఒకనాడు ఆకలిచే ప్రాణము పోవునట్లుండ, గజముల నేలు ఒక సంపన్నుడు కుల్మాషములను తినుచుండుట చూచెను. కుల్మాషములనగా నాసిరకపు మినుముల గుగ్గిళ్లు. ఉషస్తి ఆతనిని యాచించెను. తన పాత్రలో ఉన్నవి తప్ప వేరు లేవని ఆతడు బదులు చెప్పెను. వానిలోనివే ఇమ్మని ఉషస్తి కోరెను. ఆతడిచ్చి, త్రాగుటకు నీరు కూడ ఇవ్వబోయెను. ఉషస్తి ఆ నీరు ఎంగిలి యని నిరాకరించెను.

ఆ సంపన్నునకు ఆశ్చర్యము కలిగినది. గుగ్గిళ్లు మాత్రము ఎంగిలి కావా యని అడిగెను. అవి తినకున్న తాను బ్రతుకజాలననియు, నీరు కోరినచోట లభించుననియు ఉషస్తి ప్రత్యుత్తరమిచ్చెను. పిమ్మట తాను తిని, మిగిలినవానిని భార్యకు తెచ్చియిచ్చెను. ఆమెకు అప్పటికే భిక్ష లభించి ఆకలి తీరియుండెను. అయినను ఆమె ఆ గుగ్గిళ్లను పారవేయలేదు. తీసికొని జాగ్రత్తగ దాచినది.

మరునాటి ఉదయమున ఉషస్తి లేచి, సమీపమున ఒక రాజు యజ్ఞము చేయుచున్నాడనియు, కొంచెము ఆహారము లభించినచో అచ్చటికి పోయి ధనము సంపాదింపగలననియు పలికెను. భార్య రాత్రి దాచిన కుల్మాషములను ముందుంచినది. అవి ఎంగిలియు నయినవి, రాత్రి గడచినవియు నయినవి. ఉషస్తి వానిని తిని యజ్ఞశాలకు వెడలెను. అచ్చట సామగానము చేయబోవు ఋత్విజులను, వారు గానము చేయు భాగములకు అధిదేవతలెవరో తెలియునా యని ప్రశ్నించెను. వారు మౌనము వహించిరి. రాజు ఆతని విద్వత్తును గుర్తించి గౌరవించెను. అంతట ఉషస్తి ఆ ఋత్విజులకు ఉపదేశము చేసెను. ప్రస్తావమునకు దేవత ప్రాణము. ఉద్గీథమునకు దేవత ఆదిత్యుడు. ప్రతిహారమునకు దేవత అన్నము. సకలభూతములును అన్నమును గ్రహించియే జీవించుచున్నవని ఆతడు వివరించెను.

ఈ ఉపదేశము చేసినవాని ఉదరమున ఆనాడున్నది దాచిన ఎంగిలి గుగ్గిళ్లు. అన్నము దేవతయని ఆతడు గ్రంథమున చదివి మాత్రమే చెప్పలేదు. ఆకలి ఆతనికి దానిని తెలిపినది. ఆ గుప్పెడు గింజలను ఆ రాత్రి ఒక స్త్రీ దాచకుండినచో ఆ యజ్ఞశాలలో ఆ మాట వినబడియుండెడిది కాదు.

బ్రహ్మసూత్రముల మూడవ అధ్యాయము నాలుగవ పాదమున ప్రాణాపాయసమయమునందు మాత్రమే సర్వాన్నమునకును అనుమతి కలదని నిర్ణయింపబడినది. భాష్యకారులు ఉషస్తి కథనే అందులకు ప్రమాణముగ చూపిరి. నియమము ప్రాణరక్షణకొరకు సడలును. జిహ్వాచాపల్యముకొరకు సడలదు. గుగ్గిళ్లను స్వీకరించి నీటిని నిరాకరించుటయందు ఈ వివేకమే కానవచ్చుచున్నది. ఆకలిగొన్నవానిముందు ఆచారమును వల్లించుటయు, కడుపు నిండినవాడు ఆపద్ధర్మమును సాకుగ చెప్పుటయు రెండును దోషములే.

చలిది

శాస్త్రమిట్లుండగా దేశాచారము దానికి భిన్నముగ లేదు. రాత్రి మిగిలిన అన్నమున నీరు పోసి, కొంచెము మజ్జిగ చిలుకరించి, మట్టికుండలో ఉంచి, ఉదయమున ఉప్పును ఊరగాయయు చేర్చి తినుట తెలుగునేలయందు చిరకాలముగ ఉన్న అలవాటు. చలిది, చల్ది, చద్ది యని దానికి పేరులు. గంజిని, కడుగును పులియబెట్టిన తరవాణికుండ పూర్వము అనేక గృహములలో ఉండెడిది. రైతు అరక కట్టుటకు ముందు ఆరగించినది చద్దియే. బాటసారి మూటలో కట్టుకొన్నది చద్దియే. పెద్దల హితవునకు చద్దిమూటతో పోలిక కట్టిన సామెత తెలియని తెలుగువాడు లేడు. పోతనామాత్యుని భాగవతము దశమస్కంధమున గోపబాలురతో కలిసి శ్రీకృష్ణుడు చల్దులారగించు ఘట్టము భక్తులకు సుపరిచితము. యజ్ఞభోక్తయగు పరమాత్మ గొల్లపిల్లల చలిదిని పంచుకొని తినుట ఆ ఘట్టముయొక్క మాధుర్యము.

ఇతర ప్రాంతములందును ఇట్లే కలదు. ఒడిశాలో పఖాళ, వంగదేశమున పాంతాభాత్, అస్సామున పొయితాభాత్, తమిళనాట పళయ సోరు అని నీటిలో నానిన అన్నమునకు పేరులు. శ్రీజగన్నాథునకు పఖాళ నివేదింపబడుచున్నది. ఉత్తరదేశమున శీతలాదేవి పూజాదినమున పొయ్యి వెలిగింపక, ముందునాడు వండినదానినే దేవికి నివేదించి భుజింతురు. వంగదేశమున భాద్రమాసాంతమున అరంధనమను పేర ఇట్టి వ్రతమే కలదు. ఆనాడు పొయ్యికి విశ్రాంతి, గృహిణికిని విశ్రాంతి.

నీటిలో నానిన అన్నమున పెరుగును తోడుకొలుపు జాతికి చెందిన సూక్ష్మజీవులు వృద్ధిపొంది ఆమ్లమును పుట్టించును. ఆ పులుపు కొన్ని హానికర జీవులను అణచును. అయినను దీనినిబట్టి మిగిలిన అన్నమెల్ల నిరపాయమని తలపరాదు. బియ్యమున బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి యొక్క బీజములు ఉండవచ్చును. అవి ఉడుకుటచే నశింపవు. వండిన అన్నము వెచ్చని గదిలో గంటలకొలది ఉండినచో అవి మేల్కొని విషమును పుట్టించును. ఆ విషములలో వాంతులను కలిగించునది మరల కాచినను పోదు. కంటికిని ముక్కునకును అది తెలియకపోవచ్చును. అందుచేతనే వండిన ఆహారమును సాధారణపు వేడిమిలో రెండు గంటలకు మించి ఉంచరాదనియు, 5 డిగ్రీల సెంటీగ్రేడుకు లోపల చల్లగ నిలువచేయవలెననియు, మరల తినునపుడు 70 డిగ్రీలకు పైగా పొగలు గ్రక్కునట్లు కాచవలెననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించుచున్నది. జాము దాటిన అన్నమును శంకించిన పూర్వుల దృష్టికిని ఈ సూచనకును దూరము లేదు. శిశువులకు, వృద్ధులకు, గర్భిణులకు, రోగులకు తాజా ఆహారమే పెట్టవలెను. పొదుపు పేర రోగమును కొనితెచ్చుకొనుట అన్నమును గౌరవించుట కాదు.

మిగిలినది ఎవరి పాలు?

శేషాన్నవిచారమున మిక్కిలి ముఖ్యమైన ప్రశ్న ఇంకను మిగిలియున్నది. మిగిలినదానిని తినువారెవరు? అనేక గృహములలో దీనికి ఒక్కటే సమాధానము. ఇల్లాలు తినును. భర్తకును పిల్లలకును తాజా అన్నము, ఆమెకు నిన్నటి అన్నము. వారికి కూర, ఆమెకు గిన్నె అడుగున మిగిలిన పులుసు. దీనిని పాతివ్రత్యలక్షణముగ ప్రశంసించువారు గలరు. శాస్త్రమేమి చెప్పుచున్నదో వారు చూడవలెను.

మనుస్మృతి మూడవ అధ్యాయమున అతిథులు, బంధువులు, సేవకులు భుజించిన పిమ్మట మిగిలినదానిని దంపతులు భుజింపవలెనని యున్నది. భార్య యొక్కతెయే యని లేదు, దంపతులని ద్వివచనమున్నది. శేషభోజనము ఇరువురకును సమానమైన వ్రతము. అంతకుముందే కొత్తకోడండ్రకును, బాలికలకును, రోగులకును, గర్భిణులకును అతిథులకంటె ముందుగనే, సంకోచింపక భోజనము పెట్టవలెనని విధింపబడినది. ఈ రెండు విధులును నడచినచో గృహమున ఏ స్త్రీయు కాళీగిన్నె ఎదుట కూర్చుండవలసిన పని లేదు.

ఈ విధులను మరచుటచే కలిగిన హానికి కొంత సాక్ష్యము నేడును కలదు. 2019 నుండి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున పదునైదు మొదలు నలువదితొమ్మిది యేండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో నున్నట్లు తేలినది. దీనికి కారణములనేకములు. చాలినంత, మంచి ఆహారము లభింపకపోవుట వానిలో ఒకటి. ఇల్లాలు తన ఇష్టముచే కడపట తినుట త్యాగము. ఆమెకు కడపటిదియే దక్కునట్లు ఇంటివారు ప్రవర్తించుట త్యాగము కాదు, అపహరణము. యజ్ఞశేషమునందు తానుగ వెనుకకు తగ్గినవానికే పుణ్యము. ఇతరులను వెనుకకు నెట్టినవానికి లేదు.

దానమునకు తగినది

మిగిలినదానిని ఇతరులకిచ్చుటయందును ఇట్టి విచారమే అవసరము. కఠోపనిషత్తు ప్రారంభమున నచికేతుని తండ్రి యాగము చేసి, నీరు త్రాగుట ముగిసిన, గడ్డి మేయుట ముగిసిన, పాలు పిదుకుట ముగిసిన గోవులను దక్షిణగ ఇచ్చుచుండెను. బాలుడగు నచికేతుడు అది చూచి వ్యథ చెందెను. ఇట్టి దాతకు ఆనందములేని లోకములే కలుగునని తలచెను. తన ఇంట ఎవరును తినని మూడునాళ్ల కూరను పనిమనిషికిచ్చి దానము చేసితినని తృప్తిపడువాడు ఆ ముసలి గోవుల దాతకు ఏమి తీసిపోవును? తాను తినుటకు వెనుదీయునది ఇతరులకు పెట్టరాదు. ఇవ్వదలచినదానిని పాడుకాకముందే, శుభ్రమైన పాత్రలో, అది ఎప్పుడు వండినదో చెప్పి, ఆదరముతో ఇవ్వవలెను. పుచ్చుకొనుటకు ఇష్టము లేనివారు నిరాకరించినచో కినియరాదు. అట్లిచ్చినదియే దానము. తక్కినది తన ఇంటి చెత్తను ఇతరుల ఇంటికి చేర్చుట మాత్రమే.

అయినను ఆకలి ఎట్టిదో మరువరాదు. 1943వ సంవత్సరపు వంగదేశ క్షామమున గ్రామములనుండి కలకత్తా నగరమునకు తరలివచ్చిన దీనులు ఇంటింటిముందు నిలిచి అన్నము అడుగుటకు ధైర్యము చాలక గంజిమాత్రమే యాచించిరి. అన్నము వార్చి కాలువలో పారబోయు గంజి! ఆ క్షామమునను, దానిని వెన్నంటిన రోగములచేతను ముప్పదిలక్షల మంది వరకు మరణించిరని అంచనా. ఆ కేక విన్న తరము క్రమముగ గతించుచున్నది. ఐక్యరాజ్యసమితి పర్యావరణశాఖ 2024లో ప్రకటించిన నివేదికనుబట్టి 2022వ సంవత్సరమున లోకమున 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమయ్యెను. అందు నూటికి అరువది వంతులు గృహములలోనే. కల్యాణమండపములను, హోటళ్లను నిందించుటకు ముందు గృహస్థుడు తన వంటయింటిని చూచుకొనవలెను.

గృహస్థుని నియమములు

శ్రీశారదాదేవి జీవితమున వ్యర్థమను మాటకు తావులేదు. మనుష్యులు తినదగినదానిని పశువులకు వేయరాదనియు, పశువులు తినునదానిని కుక్కలకు వేయరాదనియు, అవియు తిననిదానిని చెరువునందలి చేపలకు వేయవచ్చునే కాని దేనిని వ్యర్థము చేయరాదనియు ఆమె తన చెంతనున్నవారికి బోధించెడిది. ఈ బోధలో ప్రతిప్రాణికిని దానికి చెందిన భాగము కలదను జ్ఞానమున్నది. వైశ్వదేవానంతరము కుక్కలకును, కాకులకును, క్రిమికీటకములకును అన్నముంచవలెనను ప్రాచీనవిధికి ఇది సరళమైన గృహభాష.

దీనిననుసరించి గృహస్థుడు కొన్ని నియమములను అవలంబింపవచ్చును. మొదటిది మితముగ వండుట. ఎందరు తినువారో అడిగి తెలిసికొని బియ్యము కొలచి పోయుట ఈ ధర్మమునకు తొలిమెట్టు. రెండవది మితముగ వడ్డించుకొనుట. గిన్నెలో మిగిలినది శేషముగ ఉండగలదు. విస్తరిలో వదలినది ఎంగిలి యగును. వడ్డించువారు మారు అడుగుటయు, తినువారు కొంచెమే వడ్డించుకొని మరల అడిగి పెట్టించుకొనుటయు మేలు. మూడవది, భోజనమైన వెంటనే మిగిలినదానిని వేరుపరచుట. ఎంగిలి సోకని గరిటెతో, వెడల్పు పాత్రలో చల్లార్చి, మూతపెట్టి చల్లనిచోట ఉంచవలెను. నాలుగవది, దాచినదానిని మరువకుండుట. ఫ్రిజ్జులో వారములకొలది ఉంచి పిమ్మట పారవేయుట దాచుట కాదు, పారవేయుటను వాయిదా వేయుట మాత్రమే. ఐదవది, దానికి క్రొత్తరూపము కల్పించుట. చక్కగ కాపాడిన అన్నమును పోపు పెట్టుట, పులిహోర కలుపుట, జీలకఱ్ఱ చేర్చి వడియములు పెట్టుట, పులిసిన పిండితో పునుగులు వేయుట తెలుగుగృహిణులు ఎరిగిన విద్యలే. ఆరవది, అట్లు సిద్ధపరచినదానిని ఇంటివారెల్లరును పంచుకొని తినుట. ఏడవది, నిజముగ చెడినదానిని నిస్సంకోచముగ విడుచుట. విడుచునపుడైనను దానిని చెట్టు మొదట ఎరువుగ వేసినచో భూమికి చెందినది భూమికి చేరును.

మహాభారతమున అక్షయపాత్రకథ ఎల్లరకును తెలిసినదే. ద్రౌపది అందరకును వడ్డించి తాను భుజించువరకు ఆ పాత్ర తరుగదు. ఆమె భుజించిన పిమ్మట దుర్వాసుడు శిష్యబృందముతో వచ్చినాడు. శ్రీకృష్ణుడు పాత్ర తెప్పించి చూడగా దాని కంఠమున కొంచెము కూరయు అన్నపుమెతుకును అంటుకొనియుండెను. దానిని ఆయన స్వీకరింపగా విశ్వాత్మ తృప్తిపడెను. నదిలో స్నానము చేయుచున్న మునుల ఆకలియు తీరెను. అందరకును పెట్టి కడపట తిన్న యిల్లాలి పాత్రలో మిగిలిన మెతుకు గనుకనే దానికి అంత శక్తి కలిగినది.

రాత్రి వంటయింట సంశయించుచున్న గృహిణి ప్రశ్నకు ఇందే సమాధానమున్నది. ఆ నాలుగు గరిటెల అన్నమును ఆమె శుభ్రముగ దాచుగాక. ఉదయమున ఆకలిగొన్నవాడు ఎవడైన వాకిట నిలిచినచో, చెడనిదైనచో, ఆదరముతో పెట్టుగాక. ఎవరును రానిచో భర్తయు పిల్లలును ఆమెతో కలిసి కూర్చుండి దానిని పంచుకొందురు గాక. అట్లు పంచుకొన్ననాడు ఆ నిన్నటి అన్నమును ఎంగిలి యనుటకు గాని, తామసమనుటకు గాని అవకాశముండదు. అది ఆ గృహమున జరిగిన చిన్న యజ్ఞముయొక్క శేషము.